ఒకచోట మారిస్తే ఎన్నిచోట్ల మారాలి? సీఎంఎస్‌లో మళ్లీ మళ్లీ వాడే కంటెంట్‌కి ఏ రకం ఎంచుకోవాలి

ఒక సైటులో నలభై పేజీల అడుగున ఒకే హెచ్చరిక ఉందనుకోండి. అందులో ఒక వాక్యం మార్చాల్సి వచ్చింది. నలభై పేజీలూ తెరిచి కూర్చోవాలా, ఒక్కచోట దిద్దితే సరిపోతుందా అన్నది ఆ హెచ్చరికను మొదట ఏ రూపంలో పెట్టారో దాన్నిబట్టి ఉంటుంది. సీఎంఎస్ (కోడ్ రాయకుండా సైటు పేజీలు తయారుచేసి, దిద్దుకునే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లకు ఇంతవరకు కొత్త సంగతేమీ కాదు. దీనికి అవతలి వైపు గురించే తక్కువగా ఆలోచిస్తాం. ఒక్కచోట దిద్దితే నలభై చోట్లా మారిపోవడం ప్రతిసారీ మనకు కావలసిందేనా? మూడేళ్ల కిందటి పత్రికా ప్రకటన అడుగున అప్పటి సంస్థ పరిచయం ఉంటుంది. దాన్ని షేర్డ్ బ్లాక్‌గా, అంటే ఒక్కచోట ఉంచి అన్ని పేజీల్లో చూపించే ముక్కగా పెట్టి ఉంటే, ఈరోజు పరిచయం మార్చగానే ఆ పాత ప్రకటనలోకీ కొత్త పరిచయం వచ్చి కూర్చుంటుంది. తేదీ పాతది, మాటలు కొత్తవి. రికార్డుగా అది ఇక పనికిరాదు.

అందుకే ఏ సీఎంఎస్ అయినా, అందులో ఎన్ని రకాలున్నా, నేను మొదట అడిగేది ఒకటే: దీన్ని రేపు మారిస్తే, నిన్న పెట్టిన పేజీలు కూడా మారాలా? మారాలి, మారకూడదు, కొంత మారాలి కొంత మారకూడదు. ఈ మూడు జవాబుల్లో ఏది వస్తుందో తేలితే సగం ఎంపిక అయిపోయినట్టే. ఫీచర్ల జాబితా ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఆకారమా, అందులోని మాటలా

మళ్లీ వాడుతున్నది ఆకారాన్నా, మాటల్నా అన్న గందరగోళం వర్డ్‌ప్రెస్ అనే సీఎంఎస్‌లో బాగా కనిపిస్తుంది. 2018 డిసెంబరులో 5.0 వెర్షన్‌తో బ్లాక్ ఎడిటర్ (పేజీని శీర్షిక, పేరా, బొమ్మ లాంటి బ్లాకులుగా కట్టే ఎడిటర్) వచ్చినప్పుడే రీయూజబుల్ బ్లాక్స్ వచ్చాయి. 2020 ఆగస్టులో 5.5తో బ్లాక్ ప్యాటర్న్స్ వచ్చాయి. పైకి చూస్తే రెండూ ఒకేలా అనిపిస్తాయి, చేసే పని మాత్రం పూర్తిగా ఎదురు. మొదటిదాన్ని ఎక్కడ మార్చినా అన్నిచోట్లా మారుతుంది. రెండోది పేజీలో పెట్టగానే విడి కాపీ అయిపోతుంది, ఆ తర్వాత అసలుకీ దానికీ సంబంధం ఉండదు. 2023 ఆగస్టులో 6.3 వచ్చినప్పుడు రెంటినీ ప్యాటర్న్స్ కిందికే తెచ్చి, పాత రీయూజబుల్ బ్లాక్‌ని సింక్డ్ ప్యాటర్న్ అన్నారు. ఇప్పుడు కొత్త ప్యాటర్న్ తయారుచేసేటప్పుడు సింక్డ్ అనే చిన్న స్విచ్ ఒకటి కనిపిస్తుంది. చాలామంది దాన్ని చూడకుండానే సేవ్ నొక్కేస్తారు. నిజానికి మీరు తీసుకోవలసిన నిర్ణయమంతా ఆ స్విచ్‌లోనే ఉంది.

సింక్ లేని ప్యాటర్న్ మీకు ఆకారాన్ని ఇస్తుంది. ఎడమవైపు బొమ్మ, కుడివైపు శీర్షిక, రెండు పేరాలు, కింద ఒక బటన్ అనుకోండి. ప్రతి పేజీలోనూ అదే అమరిక, లోపలి మాటలు మాత్రం ఆ పేజీవి. సింక్డ్ ప్యాటర్న్ మీకు మాటల్నే ఇస్తుంది. అమరిక కోసం సింక్డ్ వాడితే ఒక పేజీలో శీర్షిక మార్చినవాళ్లు తెలియకుండానే సైటు మొత్తం శీర్షిక మార్చేస్తారు. మాటల కోసం సింక్ లేనిది వాడితే మళ్లీ నలభై పేజీలు తెరవాలి. తప్పు రెండు వైపులా జరుగుతుంది కానీ మొదటిది ఎక్కువ నష్టం చేస్తుంది. ఎందుకంటే మార్చినవాళ్లకు తాము ఇంకెక్కడో ఏదో పాడుచేశామని తెలియదు. ఇటీవలి వెర్షన్లలో అసలు ప్యాటర్న్‌లోకి వెళ్లాలంటే విడిగా ఒక బటన్ నొక్కాల్సిన ఏర్పాటు చేశారు. దాంతో ప్రమాదం కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు.

స్ట్రాపి లాంటి హెడ్‌లెస్ సీఎంఎస్‌లలో (కంటెంట్‌ను మాత్రమే ఉంచుకుని, పేజీ రూపాన్ని వేరే కోడ్‌కి వదిలేసేవి) ఇదే తేడా వేరే పేర్లతో ఉంటుంది. అక్కడ కాంపొనెంట్ అంటే ఫీల్డుల కట్ట. వీధి, ఊరు, ఫోన్ అని మూడు ఫీల్డులతో చిరునామా కాంపొనెంట్ చేస్తే, దాన్ని ఎన్ని కంటెంట్ టైపుల్లో (వ్యాసం, కార్యక్రమం లాంటి రకాల్లో) అయినా పెట్టుకోవచ్చు. రేపు ఈమెయిల్ ఫీల్డు చేరిస్తే అన్నిచోట్లా ఆ గడి కొత్తగా కనిపిస్తుంది. అయితే గడుల్లో నింపిన విలువలు ఏ ఎంట్రీవి (అంటే ఒక్కో రికార్డువి) ఆ ఎంట్రీవే. ఒక ఆఫీసు చిరునామా పది ఎంట్రీల్లో ఉంటే, ఆఫీసు మారినప్పుడు పది చోట్లా దిద్దాలి. విలువలు కూడా పంచుకోవాలంటే కాంపొనెంట్ పనికిరాదు, రిలేషన్, అంటే అందరూ ఒకే ఎంట్రీని చూపించే లింకు కావాలి. డెవలపర్ కాంపొనెంట్ మళ్లీ వాడుకోవచ్చని చెప్తాడు, కంటెంట్ రాసేవాళ్లకు అది ఒకసారి మారిస్తే చాలని వినిపిస్తుంది. మోడల్ గీసేటప్పుడే ఈ ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి ఒక్క ఉదాహరణ నడిపించి చూపిస్తే తర్వాత చాలా తలనొప్పి తప్పుతుంది.

కాపీ అంటే తప్పేమీ కాదు

డెవలపర్లకు కాపీ అంటే పడదు. ఒకే కోడ్ రెండుచోట్ల ఉంటే ఒళ్లు మండుతుంది. కోడ్ విషయంలో ఆ కోపం న్యాయమైనదే. కంటెంట్ విషయంలో ప్రతిసారీ న్యాయమైనది కాదు.

పత్రికా ప్రకటనల సంగతి పైన చూశాం. వార్షిక నివేదికలు, అయిపోయిన కార్యక్రమాల పేజీలు, ఫలానా తేదీనాటి షరతులు, ఇవన్నీ అదే కోవకు చెందుతాయి. వాటిలోని మాటలు ఆ రోజుకు నిజం. వాటిని కదలకుండా ఉంచడమే సరైన పని. ఒకే పేరా రెండు పేజీల్లో ఈరోజు అచ్చం ఒకేలా ఉన్నంత మాత్రాన అవి రేపు కూడా ఒకేలా ఉండాలని లేదు. కొత్తగా చేరినవాళ్ల కోసం రాసిన పేజీలోనూ, పాత సభ్యుల పేజీలోనూ ఒకే సూచన ఉందనుకోండి. ఆరు నెలలకు ఒకరికి వివరంగా, ఇంకొకరికి క్లుప్తంగా చెప్పాల్సి వస్తుంది. అప్పుడు షేర్డ్ బ్లాక్‌లో ఇద్దరికీ పనికొచ్చేలా ఏదో మధ్యరకం వాక్యం రాస్తారు. అది ఇద్దరికీ నచ్చదు.

నా పద్ధతి ఇది. మొదట కాపీగానే పెట్టండి. అదే భాగం మూడోచోటికి కూడా వెళ్లాల్సి వచ్చి, ఈలోగా ఒక్కసారైనా రెండుచోట్లా ఒకే మార్పు చేయాల్సి వచ్చి ఉంటే, అప్పుడు షేర్డ్ చేయండి. ఊహతో ముందే షేర్డ్ చేసిన బ్లాకులతో లైబ్రరీ నిండిపోయి, కొత్త బ్లాక్ 2, బ్యానర్ ఫైనల్, బ్యానర్ ఫైనల్ కొత్తది లాంటి పేర్లు వరుసగా కనిపిస్తే ఎవరూ దాన్ని నమ్మి వాడరు. మళ్లీ కాపీలే చేసుకుంటారు.

షేర్డ్ బ్లాక్ లోపల ఏం జరుగుతుంది

మాటలు అన్నిచోట్లా ఒకేసారి మారాలి అని తేలిందనుకుందాం. భద్రతా హెచ్చరిక, వాపసు నియమాలు, తాత్కాలిక ప్రకటన, న్యూస్‌లెటర్ ఆహ్వానం, ఇలాంటివి. వర్డ్‌ప్రెస్‌లో వీటికి సింక్డ్ ప్యాటర్న్, డ్రూపల్ అనే సీఎంఎస్‌లో కంటెంట్ బ్లాక్ (ఇదివరకు కస్టమ్ బ్లాక్ అనేవారు), వాగ్‌టెయిల్ అనే ఇంకో సీఎంఎస్‌లో స్నిప్పెట్. పేర్లు వేరైనా సూత్రం ఒకటే. పేజీలో మాటలు ఉండవు, అవి ఎక్కడున్నాయో చెప్పే గుర్తు మాత్రం ఉంటుంది.

వర్డ్‌ప్రెస్‌లో ఆ గుర్తు ఒక ఐడీ నంబరు. అసలు మాటలు డేటాబేస్‌లో వేరే పోస్టుగా ఉంటాయి. దీనివల్ల వచ్చే పర్యవసానాలు ఎడిటర్ స్క్రీన్ మీద ఎక్కడా కనిపించవు, వాడటం మొదలుపెట్టాక ఒక్కొక్కటిగా ఎదురవుతాయి.

అన్నిటికన్నా పెద్దది రివిజన్ల (మార్చినప్పుడల్లా సీఎంఎస్ దాచి ఉంచే పాత రూపాల) సంగతి. ఒక పేజీని పోయిన నెల రూపానికి తిప్పితే ఆ పేజీ సొంత మాటలు వెనక్కి వెళ్తాయి. సింక్డ్ ప్యాటర్న్ మాత్రం ఈరోజు మాటలనే చూపిస్తుంది, ఎందుకంటే పాత రివిజన్‌లో ఉన్నదీ అదే ఐడీ నంబరు. ప్యాటర్న్‌కి సొంత రివిజన్లు ఉంటాయి. దాన్ని విడిగా వెనక్కి తిప్పవచ్చు, అయితే అప్పుడు అది ఉన్న పేజీలన్నీ వెనక్కి వెళ్తాయి. ఫలానా తేదీన ఈ పేజీలో సరిగ్గా ఏం కనిపించిందో చూపించండి అని అడిగే అవకాశం ఉన్న రంగంలో పనిచేస్తుంటే ఇది చిన్న విషయం కాదు. డ్రూపల్‌లో పేజీని ముక్కలుగా కట్టే పారాగ్రాఫ్స్ అనే అదనపు మాడ్యూల్ ఇక్కడే వేరే దారి తీసుకుంది. పేజీ ప్రతి రివిజనూ పారాగ్రాఫ్ తాలూకు ఫలానా రివిజన్‌నే పట్టుకుని ఉంటుంది. కాబట్టి పేజీని వెనక్కి తిప్పితే లోపలి పారాగ్రాఫ్ కూడా వెళ్తుంది. దానికి బదులుగా ఆ పారాగ్రాఫ్ మామూలుగా ఒక్క పేజీకే చెందుతుంది. పది పేజీల్లో పంచుకోవాలంటే పారాగ్రాఫ్స్ లైబ్రరీ అనే ఉపమాడ్యూల్ ఆన్ చేయాలి. చరిత్ర పక్కాగా ఉండటం, అన్నిచోట్లా ఒకేసారి మారడం అనే రెండూ ఒకదాన్నొకటి లాగుతుంటాయి. ఏ సీఎంఎస్ అయినా రెంటినీ ఉచితంగా ఇస్తానంటే కొంచెం లోపల చూడాలి.

సైటు లోపలి సెర్చ్ ఇంకొకటి. వర్డ్‌ప్రెస్ మామూలు సెర్చ్ పోస్టు శీర్షిక, సారాంశం, కంటెంట్ వెతుకుతుంది. సింక్డ్ ప్యాటర్న్‌లో ఉన్న మాట పేజీ కంటెంట్‌లో లేదు కాబట్టి, ఆ మాటతో వెతికితే ఆ పేజీ రాదు. న్యూస్‌లెటర్ ఆహ్వానం విషయంలో ఇది మేలే, అనవసరమైన ఫలితాలు తగ్గుతాయి. పేజీలోని ముఖ్యమైన విషయాన్నే ప్యాటర్న్‌లో పెట్టినవాళ్లకు మాత్రం దెబ్బ. గూగుల్ లాంటి బయటి సెర్చ్ ఇంజన్లకు ఈ ఇబ్బంది లేదు, అవి చూసేది పూర్తిగా తయారైన పేజీని.

క్యాష్ (పేజీని త్వరగా చూపడానికి దాచి ఉంచే తయారైన కాపీ) విషయంలో డ్రూపల్‌దే పైచేయి అని చెప్పాలి. ఏ పేజీలో ఏ బ్లాక్ ఉందో క్యాష్ ట్యాగుల ద్వారా దానికి తెలుసు. బ్లాక్ మారగానే ఆ పేజీల క్యాష్‌ని మాత్రమే తీసేస్తుంది. వర్డ్‌ప్రెస్‌లో పేజీ క్యాష్ సాధారణంగా ప్లగిన్ పనిగానో హోస్టింగ్ పనిగానో ఉంటుంది. మార్చిన పోస్టు తాలూకు క్యాష్ పోతుంది, ఆ ప్యాటర్న్ వాడిన పేజీలది పోతుందో లేదో సెట్టింగుల మీద ఆధారపడి ఉంటుంది. అత్యవసర ప్రకటన కోసం సింక్డ్ ప్యాటర్న్ పెట్టుకున్నవాళ్లు ముందే ఒకసారి మార్చి, లాగిన్ కాకుండా ఇంకో బ్రౌజర్‌లో చూసుకోవాలి. అవసరం పడిన రోజు చూసుకుందాంలే అనుకుంటే ఆ రోజు టెన్షన్ తప్పదు.

ఇక తొలగించడం. సింక్డ్ ప్యాటర్న్‌ను ట్రాష్‌లో వేస్తే, పేజీ చూసేవాళ్లకు ఆ చోట ఏమీ కనిపించదు. ఎర్రర్ కూడా రాదు. ఎడిటర్‌లో తెరిచినవాళ్లకు మాత్రం బ్లాక్ తొలగించారు లేదా అందుబాటులో లేదు అన్న సందేశం వస్తుంది. అంటే తప్పు జరిగిందని మొదట తెలిసేది ఎవరో ఆ పేజీని దిద్దడానికి తెరిచినప్పుడే. తీసేసే ముందు అది ఎక్కడెక్కడ ఉందో చూసుకునే వీలు ఉండాలి. వాగ్‌టెయిల్ స్నిప్పెట్ వాడకాన్ని చూపిస్తుంది. డ్రూపల్‌లో ఎంటిటీ యూసేజ్ అనే అదనపు మాడ్యూల్ ఉంది. వర్డ్‌ప్రెస్‌లో ప్లగిన్ పెట్టుకోవాలి, లేకపోతే డేటాబేస్‌లో ఆ ఐడీ కోసం వెతుక్కోవాలి. రెండు సీఎంఎస్‌ల మధ్య ఊగిసలాడుతున్నప్పుడు ఇది ఎక్కడెక్కడ వాడారో చూపించు అని డెమోలో అడగండి. దీనికి వచ్చే జవాబు మిగతా స్లైడులన్నిటికన్నా ఎక్కువ చెబుతుంది.

ఇవన్నీ సాఫ్ట్‌వేర్ సంగతులు. రాసేవాళ్లు చూసుకోవలసింది ఒకటుంది. షేర్డ్ బ్లాక్‌లోని వాక్యాలకు చుట్టూ ఏముందో తెలియదు. పైన చెప్పినట్టు, కింది ఫారంలో, ఈ పేజీలో లాంటి మాటలు అందులో ఉండకూడదు. శీర్షిక స్థాయి కూడా అంతే. ఒక పేజీలో రెండో స్థాయి శీర్షికగా సరిపోయినది ఇంకో పేజీలో మూడో స్థాయిలో ఉండాల్సి రావచ్చు. స్క్రీన్ రీడర్ (పేజీని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లకు ఆ వరుస చెడితే పేజీ అర్థం కాదు. బ్లాక్ లోపల హెచ్‌టీఎంఎల్ ఐడీ (లింకు నేరుగా అక్కడికే వెళ్లేలా పేజీలో ఒక చోటుకిచ్చే పేరు) పెట్టి, అదే బ్లాక్‌ని ఒకే పేజీలో రెండుసార్లు వాడితే రెండు ఐడీలు ఒకటే అవుతాయి. అప్పుడు లింకు నొక్కినవాళ్లు ఎప్పుడూ మొదటిదాని దగ్గరికే వెళ్తారు.

కొంత మారాలి, కొంత మారకూడదు

మూడో జవాబు వచ్చినవాళ్లకు చాలాకాలం సరైన దారి లేదు. 2024 జులైలో వర్డ్‌ప్రెస్ 6.6తో ప్యాటర్న్ ఓవర్‌రైడ్స్ వచ్చాయి. అమరికా రంగులూ అన్నిచోట్లా సింక్ అయి ఉంటాయి. మీరు అనుమతించిన బ్లాకుల్లో మాత్రం ఏ పేజీకి ఆ పేజీ తన మాటలు పెట్టుకోవచ్చు. వచ్చినప్పుడు ఇది శీర్షిక, పేరా, బటన్, ఇమేజ్ బ్లాకులకే పనిచేసేది. కార్డులు, పిలుపు బ్యానర్లు, సభ్యుల అభిప్రాయాలు లాంటి వాటికి ఇది చక్కగా నప్పుతుంది. డిజైన్ మారుతుందని తెలుసు, మాటలు వేరువేరుగా ఉండాలనీ తెలుసు.

అయితే దీన్ని చూడగానే అన్నిటికీ వాడాలన్న ఉబలాటం కలుగుతుంది. ఒక ప్యాటర్న్‌లో ఆరు చోట్ల ఓవర్‌రైడ్ ఇస్తున్నారంటే అది కంటెంట్ టైప్ కావాల్సినది ప్యాటర్న్ వేషం వేసుకుంది అని అర్థం. పేరు, ఫొటో, హోదా, పరిచయం, లింకు ఇన్ని మారుతుంటే అది ఒక మనిషి తాలూకు సమాచారం. దాని చోటు వేరే ఉంది.

మాటలు కావు, సమాచారం

నేను ఎక్కువగా మొగ్గేది ఈ రకం వైపు. మళ్లీ మళ్లీ వచ్చేది ఒక వస్తువు గురించో, మనిషి గురించో, చోటు గురించో, కార్యక్రమం గురించో అయితే దాన్ని బ్లాక్‌గా కాకుండా ఫీల్డులున్న కంటెంట్ టైప్‌గా చేసి, కావలసినచోట రిఫరెన్స్ (దాన్ని చూపించే లింకు) ఇవ్వాలి. వర్డ్‌ప్రెస్‌లో 2010 జూన్‌లో వచ్చిన 3.0 నుంచి కస్టమ్ పోస్ట్ టైపులు బాగా వాడుకలోకి వచ్చాయి. డ్రూపల్‌లో కంటెంట్ టైపులూ ఫీల్డులూ దాని ప్రాణం. హెడ్‌లెస్ సీఎంఎస్‌లలో అయితే అన్నీ ఇవే.

ఒక రచయిత పరిచయాన్ని సింక్డ్ ప్యాటర్న్‌గా పెడితే అది ఎక్కడ పెట్టినా ఒకే రూపంలో కనిపిస్తుంది. పెద్ద ఫొటో, రెండు పేరాలు. జాబితా పేజీలో పేరు మాత్రమే కావాలంటే కుదరదు, ఇంకో ప్యాటర్న్ చేయాలి. ఇప్పుడు ఇద్దరు రచయితలు నాలుగు ప్యాటర్న్‌లు. అదే ఫీల్డులుగా ఉంటే ఒకచోట పేరూ ఫొటో, ఇంకోచోట పేరొక్కటే, మొబైల్ యాప్‌కి పేరూ లింకూ, ఎలాగైనా తీసుకోవచ్చు. అక్షరక్రమంలో జాబితా వేయాలన్నా, ఈ రచయిత రాసినవన్నీ చూపాలన్నా ఫీల్డుల నుంచే వస్తుంది. వర్డ్‌ప్రెస్ క్వెరీ లూప్ బ్లాక్‌తో, డ్రూపల్ వ్యూస్‌తో అలాంటి జాబితాలు తమంతట తామే తయారవుతాయి. చేత్తో జాబితా రాసి దాన్ని షేర్డ్ బ్లాక్ చేయడం కనిపిస్తే వెంటనే ఆపించండి.

దీనికయ్యే ఖర్చు మొదట్లోనే ఉంటుంది. ఫీల్డులు ఆలోచించాలి, టెంప్లేట్ రాయాలి, ఎవరో ఒక డెవలపర్ కావాలి. ఐదు పేజీల సైటుకి ఇది పెట్టుకోకండి.

రిఫరెన్స్‌ని తొలగించినప్పుడు ఏమవుతుంది అన్నది ఇక్కడా వస్తుంది, సీఎంఎస్‌ల మధ్య తేడా ఇక్కడే బాగా కనిపిస్తుంది. శానిటీ అనే హెడ్‌లెస్ సీఎంఎస్‌లో మామూలు రిఫరెన్స్ గట్టిది. వేరే డాక్యుమెంట్ దాన్ని చూపిస్తున్నంతకాలం అసలుదాన్ని తొలగించనివ్వదు. అలా వద్దనుకుంటే బలహీన రిఫరెన్స్ అని విడిగా చెప్పుకోవాలి. అలాంటిదే ఇంకొకటైన కంటెంట్‌ఫుల్‌లో లింకు మిగిలిపోతుంది, దాని అవతల ఏమీ ఉండదు. ఆ ఖాళీని సైటు కోడ్ సంభాళించుకోవాలి. కంటెంట్‌ఫుల్‌లో ఇంకోటి కూడా చూసుకోవాలి. ఒక ఎంట్రీని అడిగినప్పుడు దాని లింకుల్ని ఎన్ని మెట్లు లోపలిదాకా తెచ్చిపెట్టాలో చెప్పే పరిమితి ఉంది, గరిష్ఠంగా 10. పేజీలో సెక్షన్, సెక్షన్‌లో కార్డు, కార్డులో బటన్, బటన్‌లో లింకు అని దేన్ని చూసినా రిఫరెన్స్ చేసుకుంటూ పోతే ఆ పరిమితి గుర్తుకొస్తుంది. అంతకన్నా ముందే ఎడిటర్లకు ఓపిక నశిస్తుంది. ఒక బటన్ మాట మార్చడానికి నాలుగు స్క్రీన్లు దాటి వెళ్లడం ఎవరికీ నచ్చదు.

పెద్ద సంస్థలు వాడే అడోబీ ఎక్స్‌పీరియన్స్ మేనేజర్‌లో ఈ గీత చాలా స్పష్టంగా గీశారు. కంటెంట్ ఫ్రాగ్మెంట్ అంటే రూపం లేని సమాచారం, ఎక్కడికైనా పంపవచ్చు. ఎక్స్‌పీరియన్స్ ఫ్రాగ్మెంట్ అంటే అమరికతో సహా తయారైన ముక్క. ఆ సీఎంఎస్ వాడకపోయినా ఈ జంటను మనసులో పెట్టుకోండి. మీ సైటులోని ఏ షేర్డ్ ముక్క దగ్గరైనా, ఇది వెబ్ పేజీ కాకుండా ఇంకెక్కడికైనా వెళ్తుందా అని అడగడానికి పనికొస్తుంది.

హెడర్, ఫుటర్, షార్ట్‌కోడ్

సైటు చట్రానికి, అంటే ప్రతి పేజీలో వచ్చే హెడర్, ఫుటర్‌లకు, వర్డ్‌ప్రెస్‌లో టెంప్లేట్ పార్ట్ ఉంది, డ్రూపల్ అయితే రీజియన్‌లో (పేజీలో బ్లాకులకు కేటాయించిన చోట్లో) పెట్టిన బ్లాక్. ఇందులో పెద్దగా ఎంచుకునేదేమీ లేదు. ఒక్కటే జాగ్రత్త. వర్డ్‌ప్రెస్‌లో టెంప్లేట్ పార్ట్‌లో మీరు చేసిన మార్పులు ఆ థీమ్‌కే (సైటు రూపాన్ని నిర్ణయించే ప్యాకేజీకే) అంటుకుని ఉంటాయి. థీమ్ మారిస్తే అవి వెంట రావు. సింక్డ్ ప్యాటర్న్ వస్తుంది. ఫుటర్‌లోని చిరునామా, హెల్ప్‌లైన్ నంబరు లాంటివి ప్యాటర్న్‌లో పెట్టి, ఆ ప్యాటర్న్‌ని టెంప్లేట్ పార్ట్‌లో పెట్టడం మంచిది.

2008లో వర్డ్‌ప్రెస్ 2.5తో వచ్చిన షార్ట్‌కోడ్‌లు (చతురస్ర బ్రాకెట్లలో రాస్తే ఆ చోట వేరే కంటెంట్ చూపించే చిన్న కోడ్‌లు) ఇంకా బతికే ఉన్నాయి. ఫోన్ నంబరు, ఈ ఏడాది సంఖ్య లాంటి ఒక్క విలువను వాక్యం మధ్యలో చొప్పించడానికి అవి నిజంగానే బాగుంటాయి, బ్లాక్ అక్కడ ఇమడదు. పెద్ద ముక్కలకు వద్దు. షార్ట్‌కోడ్ ఇచ్చే ప్లగిన్ ఆపేస్తే చతురస్ర బ్రాకెట్లతో సహా ఆ కోడ్ పాఠకులకు అలాగే కనిపిస్తుంది. కొత్త సైటు అయితే 2024 ఏప్రిల్‌లో 6.5తో వచ్చిన బ్లాక్ బైండింగ్స్ చూడండి. బ్లాక్‌లోని మాటను కస్టమ్ ఫీల్డుకి కట్టేయవచ్చు.

డ్రూపల్‌లో రెండు ఉచ్చులు

డ్రూపల్‌లో పేజీ అమరికను కట్టే లేఅవుట్ బిల్డర్ 2019 మేలో వచ్చిన 8.7తో స్థిరపడింది. అందులో బ్లాక్ చేర్చేటప్పుడు రెండు దారులుంటాయి. అక్కడికక్కడే కొత్తగా చేస్తే అది ఆ పేజీ అమరికకే చెందుతుంది, లైబ్రరీలో కనిపించదు. లైబ్రరీలోంచి తెస్తే అందరిదీ. స్క్రీన్ మీద రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి ఎడిటర్లు కలగాపులగం చేస్తారు. కొత్త సైటులో నేను ఒక్కో బ్లాక్ రకానికి ఒకే దారి తెరిచి ఉంచమంటాను. హెచ్చరిక రకం లైబ్రరీ నుంచే, బొమ్మ పక్కన మాటల రకం పేజీలోనే.

రెండోది టెస్ట్ సైటు నుంచి అసలు సైటుకి తెచ్చేటప్పుడు ఎదురవుతుంది. బ్లాక్ ఏ రీజియన్‌లో ఉండాలన్నది కాన్ఫిగరేషన్ (సైటు సెట్టింగులు), బ్లాక్ లోపలి మాటలు కంటెంట్. కాన్ఫిగరేషన్‌ను ఎగుమతి చేసి దించితే చోటు వస్తుంది, మాటలు రావు. అప్పుడు బ్లాక్ విరిగిపోయింది లేదా లేదు అన్న సందేశం కనిపిస్తుంది. ఏదో పాడైందని కంగారు పడనక్కర్లేదు. కంటెంట్‌ను కూడా అదే యూయూఐడీతో (ఆ బ్లాక్‌కి మాత్రమే చెందే గుర్తింపు కోడ్‌తో) తీసుకురావాలి.

బహుభాషా సైటుల్లో డ్రూపల్‌కి ఒక సౌకర్యం ఉంది. ఒకే బ్లాక్‌కి అనువాదాలు ఉంటాయి, పేజీ ఏ భాషలో తెరిస్తే ఆ భాష వస్తుంది. వర్డ్‌ప్రెస్ కోర్‌లో బహుభాషా ఏర్పాటు లేదు కాబట్టి, సింక్డ్ ప్యాటర్న్ ఐడీని భాషను బట్టి మార్చే బాధ్యత ప్లగిన్‌ది. మూడు నాలుగు భాషల్లో సైటు నడపాలనుకుంటే ప్లగిన్ ఈ పని చేస్తుందో లేదో ముందు పరీక్షించి, ఆ తర్వాతే షేర్డ్ ముక్కల మీద ఆధారపడండి.

ఎవరి చేతిలో ఉంది

రకం ఎంచుకున్నాక కూడా ఒక ప్రశ్న మిగులుతుంది, దాన్ని టూల్ తీర్చదు. నలభై పేజీల్లో కనిపించే మాటను ఎవరు మార్చవచ్చు? వర్డ్‌ప్రెస్‌లో ఎడిటర్ హోదా ఉన్న ఎవరైనా ఎవరు చేసిన సింక్డ్ ప్యాటర్న్‌నైనా మార్చగలరు. మంచి ఉద్దేశంతో ఒకరు తమ పేజీకి సరిపోయేలా ఒక పదం దిద్దుతారు, మిగతా ముప్పై తొమ్మిది పేజీలవాళ్లకు తెలియదు. షేర్డ్ చేసే ప్రతి ముక్కకూ ఒక యజమాని పేరు రాసి పెట్టుకోవాలి, కనీసం ఒక షీట్‌లోనైనా. యజమాని దొరకని ముక్కను షేర్డ్ చేయకపోవడమే నయం. అది కాపీగా ఉంటే తప్పు ఒక్క పేజీలోనే ఉంటుంది.

పేర్లు కూడా ఇందులో భాగమే. బ్లాక్ పేరు ఎలా ఉందో కాకుండా ఎందుకుందో చెప్పాలి. నీలం పెట్టె అని పెడితే రంగు మారిన రోజు అబద్ధం అవుతుంది. వాపసు నియమాలు, పేజీ అడుగు అని పెడితే ఎవరికైనా అర్థమవుతుంది.

ఇప్పటికే కాపీలతో నిండిన సైటు

చాలామంది కొత్తగా మొదలుపెట్టరు. ఒకే పేరా వందచోట్ల అతికించిన సైటు చేతికొస్తుంది. అన్నిటినీ ఒక్క వారాంతంలో షేర్డ్ బ్లాక్ చేసేద్దామన్న ఉత్సాహం మంచిదే, కానీ ముందు ఆ వంద కాపీలను పక్కపక్కన పెట్టి తేడాలు చూడండి. అన్నీ ఒకేలా ఉండవు. కొన్నింట్లో ఒక మినహాయింపు, ఒక తేదీ, ఒక అదనపు వాక్యం ఉంటాయి. వాటిలో కొన్ని మరిచిపోయిన పాత రూపాలు, కొన్ని ఎవరో ఆలోచించి చేసిన మార్పులు. స్క్రిప్టుతో అన్నిటినీ మార్చేస్తే రెండో రకం కూడా తుడిచిపెట్టుకుపోతుంది.

అక్షరం తేడా లేనివాటిని, అందులోనూ ఇంకా మారుతూ ఉండే పేజీల్లో ఉన్నవాటిని ముందు షేర్డ్ చేయండి. పాత ప్రకటనల్లో, ముగిసిన కార్యక్రమాల్లో ఉన్నవాటిని ముట్టుకోకండి. తేడాలున్నవాటిని పేజీ యజమానులకు పంపి, ఆ వాక్యం ఎందుకుందో అడగండి. జవాబు రానివి కాపీలుగానే ఉండనివ్వండి.